బేసిన్ కింద ఒక అంగుళం తేడా

కొత్త వాష్ బేసిన్ బిగించాక కింద చూస్తే, బేసిన్ నుంచి దిగే గొట్టం ఒక దారి, గోడలోని పైపు మరో దారి. అంగుళం పైనే తేడా. బలవంతంగా వంచి నట్లు బిగించాను. రాత్రికి నేలంతా తడి. నిద్రపట్టలేదు, అంత టెన్షన్.

ముడతల పైపు వేస్తే సరిపోయేదే, కానీ మనసొప్పలేదు. ఆ ముడతల్లో వెంట్రుకలు, సబ్బు జిడ్డు పేరుకుంటాయి.

పొద్దున్నే అన్నీ విప్పి, నేల మీద కూర్చుని తీరిగ్గా చూశాను. దుర్వాసన పైకి రాకుండా నీళ్లు నిలిచే ఆ 'యు' వంపు ఉంది చూశారూ, అది రెండు చివర్లా తిరుగుతుంది! దాన్ని పక్కకి తిప్పి, గోడలోకి వెళ్లే గొట్టాన్ని కాస్త బయటికి లాగేసరికి రెండూ వాటంతటవే కలిశాయి. ఎంత సంతోషమేసిందో! వాషర్ చదును వైపు నట్టుకి, ఏటవాలు అంచు జాయింటు లోపలికి ఉండేలా పెట్టి చేత్తోనే బిగించాను. ప్లాస్టిక్ నట్టుని రెంచితో గట్టిగా తిప్పితే పగులుతుంది. గోడ వైపు వాలు మీటరుకు 2 సెంటీమీటర్లు ఉండేలా చూశాను.

బేసిన్ నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదిలాను. ప్రతి జాయింటు చుట్టూ టిష్యూ పేపరు తిప్పి చూశాను. పొడిగానే ఉంది.