పుదుపేట హెడ్డు విమానమెక్కింది

మా నాన్నగారి అంబాసిడర్ 1986 మోడల్, పెట్రోలు బండి. రేడియేటర్‌లో పోసిన నీళ్లు పోసినట్టే మాయమవుతుంటే విజయవాడ ఆటోనగర్‌లో మా మేస్త్రి ఇంజన్ విప్పాడు. ఇంజన్‌కి పైన మూతలా ఉండే సిలిండర్ హెడ్డులో రెండు వాల్వుల మధ్య వెంట్రుకంత పగులు. "పోత ఇనుము సార్, వెల్డింగ్ పెట్టినా నిలవదు, వేరేది చూసుకోండి" అన్నాడు. బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో ఈ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. కాబట్టి వేరేది అంటే పాతదే.

ఒకటి లారీ ట్రాన్స్‌పోర్టులో తెప్పించాం. మూల విరిగి వచ్చింది. పోత ఇనుము చూడ్డానికి మొండిదే గానీ ఎత్తి పడేస్తే కుండలా పగులుతుంది. ఇక లాభం లేదని ఒక శనివారం పొద్దున్నే పినాకిని రైలెక్కి నేనే చెన్నై వెళ్లాను.

సెంట్రల్ నుంచి ఆటోలో, పాత కార్ల సామాన్ల బజారు పుదుపేట ఎంతో దూరం లేదు. ఒక పక్క కూవం నది వాసన, ఇంకో పక్క గ్రీజు వాసన. తలుపులన్నీ ఒక గుట్ట, బంపర్లన్నీ ఒక గుట్ట. ఇక్కడ కారు ఆపి టీ తాగి వచ్చేసరికి దాని చక్రాలు మనకే అమ్ముతారని చెన్నైలో జోకు. నాకు దొరికిన కొట్టు పెద్దాయనది మా నెల్లూరు వైపే. మూడు తరాలుగా ఇక్కడే ఉన్నారట. తెలుగు వినగానే స్టూల్ వేశాడు, ధర మాత్రం తగ్గించలేదు.

హెడ్డు కొనడం అరగంట పని. దానికి నీళ్ల ప్రెషర్ పెట్టి పగుళ్లు చూడ్డం, లేత్ షాపులో ఫేసింగ్ (అడుగు మట్టంగా చెక్కడం) చేయించడం ఆదివారం మధ్యాహ్నం దాకా పట్టింది. సోమవారం నాకు డ్యూటీ. రాత్రి రైళ్లన్నీ వెయిటింగ్ లిస్టే. అందుకే సాయంత్రం గన్నవరం విమానానికి టికెట్ తీశాను. బ్యాగేజీ 15 కిలోలు ఎటూ ఉంది, ఇంకో 15 ఆన్‌లైన్‌లోనే ముందు కొన్నాను. కౌంటర్ దగ్గర కొంటే ఇంకా వాత. ఒక్క బ్యాగు మాత్రం 32 కిలోలు దాటితే, ఎంత డబ్బు కట్టినా తీసుకోరు. దాన్ని ఎత్తేది మనుషులు కదా.

బరువు గురించే నా టెన్షనంతా. పెద్దాయనకి ఆ దిగుల్లేదు. "బరువుదేముందండి, తూస్తే తెలిసిపోతుంది. వాసనతోనే చిక్కు" అన్నాడు. పెట్రోలు తాగిన ఇంజన్ సామాను విమానంలోకి రావాలంటే చుక్క ఇంధనం గానీ, ఆవిరి గానీ ఉండకూడదు. కొట్టు కుర్రాడు అలవాటు ప్రకారం తుప్పు పట్టకుండా ఆయిల్ పూయబోతే పెద్దాయన కసిరాడు. సబ్బుపొడి, వేడి నీళ్లు, బ్రష్షు, గాలి పైపు. మళ్లీ మొదటి నుంచి. మూడుసార్లు కడిగించి, నీళ్ల దారుల్లో ముక్కు పెట్టి చూశాడు. ఫేసింగ్ చేసిన వైపు ప్లైవుడ్ ముక్క ఆనించి స్టడ్డు రంధ్రాల్లోంచి బోల్టులు బిగించాం. దాని మీద పాత దుప్పటి, థర్మోకోల్, ఆపైన మా ఇంటి పాత సూట్‌కేసు. బోల్టులు విప్పే స్పానర్ కూడా అందులోనే పెట్టమన్నాడు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. బిల్లు మీద "వాడిన కారు హెడ్డు, కడిగినది, ఇంధనం లేదు" అని ఇంగ్లీషులో రాయించి స్టాంపు వేయించుకున్నాను. రెండు రోజుల్లో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

మీనంబాక్కం ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో 28.4 కిలోలు వచ్చింది. ఆ అమ్మాయి తూకం వైపోసారి, నా వైపోసారి చూసి, బరువు సామాను అని తెలిపే ట్యాగు కట్టింది. గండం గడిచిందనుకుని కాఫీ తీసుకున్నాను. సగం తాగేలోపే మైకులో నా పేరు.

లోపల గదిలో స్క్రీన్ చూపించారు. చొక్కాలూ తువ్వాళ్లూ నారింజ రంగులో, బకిల్స్ నీలంగా ఉన్నాయి. మధ్యలో కిరణాలే దూరని నల్లటి దిమ్మ. నాకే అనుమానం వచ్చేలా ఉంది. "తెరవండి" అన్నారు. దుప్పటి తీశాను. చెక్క కూడా తీయమన్నారు. స్పానర్ ఎందుకో అప్పుడు తెలిసింది! బోల్టులు విప్పుతుంటే బోర్డింగ్ మొదలైందని మైకు అరుస్తోంది. ఒకాయన చిన్న గుడ్డముక్కతో హెడ్డంతా తుడిచి యంత్రంలో పెట్టాడు. అది పేలుడు మందు జాడ పట్టే పరీక్ష. తర్వాత వంగి అచ్చం పుదుపేట పెద్దాయన లాగే నీళ్ల దారిలో ముక్కు పెట్టాడు. నేను ఊపిరి బిగబట్టాను.

"సోపా?" అన్నాడు.

"అవును సార్, బట్టల సబ్బు."

బిల్లు ఫొటో తీసుకుని పంపించేశాడు. చెమటలు కక్కుతూ మళ్లీ బిగించాను.

మాది ఏటీఆర్. రెండు ఫ్యాన్ల చిన్న విమానం. వెనక తలుపు నుంచి మనం ఎక్కుతాం, సామాను పైలట్ గది వెనకాల ముందు అరలో కూడా పెడతారు. ఎడమ కిటికీ సీటు దొరకడంతో ఆ దృశ్యం నా కళ్లారా చూశాను. లోడర్ ఒంటి చేత్తో నా సూట్‌కేసు లాగి, ఆగి, ట్యాగు చదివి, రెండో అతన్ని పిలిచాడు. ఇద్దరూ ఎత్తి పెట్టారు. విసరలేదు. లేచి దణ్ణం పెడదామనిపించింది గానీ బెల్టు పెట్టుకున్నాను.

గన్నవరంలో సూట్‌కేసు ఒక చక్రం లేకుండా వచ్చింది. హెడ్డుకి గీత కూడా పడలేదు. మర్నాడు డ్యూటీ అయ్యాక ఆటోనగర్ వెళితే మేస్త్రి చెక్క విప్పి, స్టీలు బద్ద అడ్డంగా పెట్టి, కింద సందు కొలిచే పల్చటి రేకు, ఫీలర్ గేజ్, దూర్చి చూశాడు. దూరలేదు. "బాగా తెచ్చారు సార్" అన్నాడు. అంతలో సూట్‌కేసు లోపల తడిమి, "మరి గ్యాస్కెట్ ఏది?" అన్నాడు.

హెడ్డుకీ ఇంజన్‌కీ మధ్య వేసే పల్చటి పొర అది, ఎండుటాకంత బరువుండదు. పుదుపేటలో, పెద్దాయన వేసిన స్టూల్ మీద పెట్టి వచ్చేశాను.