స్పీడ్ బ్రేకర్‌తో మొదలుపెట్టి ఎరువు దాకా వచ్చాం

మా వీధిలో మేం ముందు అడిగింది చెట్లూ కాదు బెంచీలూ కాదు, స్పీడ్ బ్రేకర్. పిల్లలు సైకిలేసుకుని గేటు దాటితే చాలు గుండెలు అరచేతిలో పెట్టుకునేవాళ్లం, బళ్లు అంత స్పీడుగా వెళ్లేవి. అర్జీ ఇచ్చాం, నెలలు గడిచినా ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు మాలో ఒకరన్నారు, ఊరికే స్పీడు ఎక్కువుంది అంటే ఎవరు వింటారు, కొలిచి చూపిద్దాం అని.

సుద్దముక్కతో రోడ్డు మీద 50 మీటర్ల దూరంలో రెండు గీతలు గీసి, ఫోన్లో స్టాప్‌వాచ్ ఆన్ చేసి పక్కన నిలబడ్డాం. అంతే, ఇంకే మెషీనూ అక్కర్లేదు. ఆ 50 మీటర్లు 6 సెకన్లలో దాటితే బండి గంటకి 30 కిలోమీటర్ల మీద వెళ్తున్నట్టు, 3.6 సెకన్లలో దాటితే 50 మీద. మా దగ్గర చాలా బళ్లు 4 సెకన్లలోపే దాటేశాయి. 30కీ 50కీ అంత తేడా ఏముంటుందిలే అని నేనూ అనుకునేదాన్ని, కానీ స్పీడు పెరిగితే దెబ్బ దాని వర్గం (స్క్వేర్) లెక్కన పెరుగుతుంది, అంటే స్పీడు రెట్టింపైతే దెబ్బ నాలుగు రెట్లు, కాబట్టి 50లో గుద్దితే 30లో కంటే దాదాపు 2.8 రెట్ల శక్తి తగులుతుంది. పైగా డ్రైవర్ చూసి బ్రేకు తొక్కేలోపు ఒక్క సెకను పట్టిందనుకోండి, ఆ సెకన్లో బండి 30లో అయితే 8 మీటర్లు ముందుకొస్తుంది, 50లో దాదాపు 14 మీటర్లు. ఆ మిగతా 6 మీటర్లలో మన పిల్లాడు ఉండొచ్చు కదండీ.

ఈ లెక్కలన్నీ కాగితం మీద రాసి పట్టుకుని మళ్లీ వెళ్తే ఈసారి విన్నారు, కొంతకాలానికి రెండు స్పీడ్ బ్రేకర్లు పడ్డాయి.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇక్కడినుంచి. బళ్లు నెమ్మదించాక ముందు మారింది సాయంత్రాలు. గేట్ల దగ్గర నిలబడి మాట్లాడుకునేవాళ్లు కనిపించడం మొదలైంది, ఎదురింటివాళ్ల పేర్లు నాకు అప్పుడే తెలిశాయి, అన్నేళ్లుగా ఎదురెదురుగా ఉంటూ కూడా. ఇది మా ఒక్క వీధిలో జరిగింది కాదని తర్వాత చదివితే తెలిసింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1969 ప్రాంతంలో డొనాల్డ్ యాపిల్‌యార్డ్ అనే ప్రొఫెసర్ దాదాపు ఒకేలా ఉండే మూడు వీధులు చూశాడు, తేడా ట్రాఫిక్‌లోనే, రోజుకి 2,000 బళ్లు వెళ్లే వీధి, 8,000 వెళ్లేది, 16,000 వెళ్లేది. తక్కువ బళ్లున్న వీధిలో ఒక్కొక్కరికి అదే వీధిలో సగటున ముగ్గురు స్నేహితులున్నారు, ఎక్కువ బళ్లున్న చోట ఒకరు కూడా పూర్తిగా లేరు, 0.9. ఎక్కువ ట్రాఫిక్ వీధిలో జనం తమదనుకునే జాగా కూడా ఇంటి గడప దాకా కుంచించుకుపోయింది. ఆ మనిషే 1982లో ఏథెన్స్‌లో స్పీడుగా వచ్చిన కారు గుద్ది చనిపోయాడని చదివినప్పుడు చాలాసేపు ఏమీ చేయబుద్ధి కాలేదు.

నెదర్లాండ్స్ సంగతి కూడా చాలామంది పొరపాటుగా అనుకుంటారు, అక్కడ మొదట్నుంచీ సైకిళ్లే అని. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్ల మీద 3,300 మంది దాకా చనిపోయారు, అందులో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు రోడ్డెక్కారు, ఆ ఉద్యమం పేరే పిల్లల హత్య ఆపండి అని. బళ్లు మనుషుల నడక వేగంతోనే పోవాలనే నివాస వీధులకి 1976లో చట్టం వచ్చింది. ఎవరో దయతలిచి ఇచ్చింది కాదు అది, కడుపుకోతలోంచి వచ్చింది.

సరే మా వీధికి వస్తే, తర్వాత చెట్టు కింద బెంచీ వేద్దామన్నాం. వద్దన్నవాళ్లూ ఉన్నారు, ఎవరెవరో వచ్చి కూర్చుంటారు, రాత్రిళ్లు గోల అని. వాళ్ల భయం కూడా నిజమే కాబట్టి వాదించకుండా ఒక నెల నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేసి చూశాం, సాయంత్రం వేయడం, రాత్రి తీసేయడం. మూడో రోజో నాలుగో రోజో పక్కింటి మామ్మగారు చేతికర్రతో నెమ్మదిగా వచ్చి, ముందు కుర్చీ వెనక పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకుని, దాన్ని కొంచెం నీడలోకి జరుపుకుని కూర్చున్నారు. మధ్యలో కూర్చోడానికి చోటు లేకే తను ఇన్నాళ్లూ బయటికి రాలేదట. ఆ మాట విన్నాక వద్దన్నవాళ్లే బెంచీకి చందా ఇచ్చారు.

ఎరువు పని ఆ బెంచీ మీదే పుట్టింది. అంతకు రెండేళ్ల ముందు తడి చెత్త విడిగా వేయండని గేటుకి నోటీసు అంటించాం, ఒక్కరు కూడా వేయలేదు. ఈసారి నోటీసే లేదు, కూర్చున్నప్పుడు మాటల్లో అనుకుని పది ఇళ్లవాళ్లం రెండు డ్రమ్ములు పెట్టాం, అవే మనుషులు, అదే చెత్త. మొదటి నెల కంపు కొట్టింది, ఎందుకంటే తడిది ఎక్కువ, ఎండుటాకులు తక్కువ, గాలి ఆడక కుళ్లిపోయింది. ఇప్పుడు బకెట్ తడి చెత్తకి రెండు మూడు బకెట్ల ఎండుటాకులు వేసి వారానికోసారి తిరగేస్తున్నాం. చల్లటి పొద్దున గడ్డపారతో కదిపితే లోపల్నుంచి ఆవిరి లేస్తుంది, చెయ్యి దగ్గర పెడితే వేడి తగులుతుంది, వాసన తడిసిన మట్టి వాసనే. అదే చెత్త డంపింగ్ యార్డులో గుట్ట కింద గాలాడక పడుంటే మీథేన్ పుడుతుంది, 20 ఏళ్ల లెక్కలో చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లకు పైనే వేడి పట్టి ఉంచే గ్యాస్ అది.

డ్రమ్ము తిరగేసే వంతు ఎవరిదో ఎక్కడా రాసుకోలేదు, ఎవరైనా ఊరెళ్తే పక్కవాళ్లకి చెప్పి వెళ్తారు. ఒకరినొకరు ఎరగకపోతే ఇది నడవదని నా గట్టి నమ్మకం, అందుకే ఎవరైనా మా వీధిలో కూడా ఇలాంటిది చేయాలి ఎక్కడ మొదలుపెట్టాలి అనడిగితే డ్రమ్ములు కొనకండి, ముందు బళ్ల స్పీడు కొలవండి, తర్వాత నాలుగు కుర్చీలు వేయండి అనే చెప్తున్నా.

మామ్మగారు ఇప్పుడు వీధి చివరిదాకా నడుస్తానంటున్నారు, అక్కడ కూడా ఒకటి వేయమని రెండుసార్లు అడిగారు. మొన్న ఆదివారం నుంచి అక్కడ రెండు కుర్చీలు వేసి చూస్తున్నాం, పొద్దున తొమ్మిదికల్లా ఎండ మీద పడుతోంది, గోడ వైపు జరపాలి.