స్లైడు చూడగానే పేరు చెప్పకండి: వెటర్నరీ పాథాలజీ రెసిడెన్సీ–పీహెచ్‌డీ, బోర్డు పరీక్ష అనుభవాలు

తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీల జూనియర్ల నుంచి నాకు వచ్చే మెసేజ్‌లు దాదాపు ఒకేలా ఉంటాయి. "అక్కా, అమెరికాలో పాథాలజీ రెసిడెన్సీ, పీహెచ్‌డీ కలిపి చేయాలంటే ఏ పుస్తకాలు చదవాలి?" పుస్తకాల పేర్లు రెండు లైన్లలో చెప్పేయొచ్చు, చాలామందికి చెప్పాను కూడా. కానీ ఆ పుస్తకాలన్నీ చదివిన నేనే బోర్డు పరీక్షలో ఒక భాగం తప్పాను. అందుకే ఈసారి ఒక్కొక్కరికీ విడిగా రిప్లై ఇవ్వకుండా, ఎక్కడ తప్పానో కూడా కలిపి ఒకేచోట రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం ముందు కాస్త వివరం. పాథాలజీ అంటే జబ్బు వల్ల అవయవాల్లో, కణజాలంలో వచ్చే మార్పుల్ని చదివే శాస్త్రం. అమెరికాలో వెటర్నరీ పాథాలజిస్టుగా గుర్తింపు ఇచ్చేది అమెరికన్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ పాథాలజిస్ట్స్. పేరులో కాలేజ్ ఉన్నా చదువు చెప్పే కాలేజీ కాదు, పరీక్ష పెట్టి సర్టిఫై చేసే సంస్థ. 1949లో మొదలైంది. ఆ పరీక్ష రాయాలంటే రెసిడెన్సీ (పని చేస్తూ నేర్చుకునే స్పెషలిస్టు శిక్షణ) చేయాలి, మామూలుగా 3 ఏళ్లు. పోస్టుమార్టం డ్యూటీ, బయాప్సీ డ్యూటీ, రిపోర్టులు, అవి రాత్రికి కూడా పూర్తికాకపోవడం, ఇదే జీవితం. దీనికి పీహెచ్‌డీ కూడా తోడైతే 5 ఏళ్లకు తక్కువ కాదు, చాలామందికి ఇంకా ఎక్కువే పడుతుంది. జబ్బు కణజాలంలో ఎలా కనిపిస్తుందో తెలిసినవాళ్లే అది ఎందుకు వస్తుందో కూడా ల్యాబ్‌లో వెతకాలన్నది ఈ కంబైన్డ్ ట్రైనింగ్ ఉద్దేశం.

సీటు సంగతి త్వరగా చెప్పేస్తాను. ప్రకటన చదివేటప్పుడు జీతం కంటే ముందు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ శిక్షణ కోసం ఇచ్చే టీ32 గ్రాంటు మీద నడిచే సీట్లు అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. మన వీసాతో అక్కడ పని జరగదు. ఇది తెలియక నేను ఒక సంవత్సరం వృథాగా అప్లై చేశాను. డిపార్ట్‌మెంటు సొంత డబ్బుతోనో, ప్రొఫెసర్ గ్రాంటుతోనో నడిచే సీట్లే మనకి దారి. కొన్నిచోట్ల అమెరికా లైసెన్సు అర్హత అడుగుతారు, కొన్నిచోట్ల మన బీవీఎస్సీ (వెటర్నరీ డిగ్రీ) సరిపోతుంది. ప్రతి ప్రకటననీ విడిగా చదవాల్సిందే. ఎంవీఎస్సీ (పీజీ) పాథాలజీ ఉంటే బలం.

ఇక పరీక్ష. రెండు దశలు. మొదటి దశలో జనరల్ పాథాలజీ ఒక్కటే, కంప్యూటర్ మీద మల్టిపుల్ ఛాయిస్. కణం ఎలా దెబ్బతింటుంది, వాపు ఎలా మొదలవుతుంది, కణితి ఎలా పెరుగుతుంది, అన్నీ మెకానిజం ప్రశ్నలే. దీన్ని రెసిడెన్సీ పూర్తికాకముందే రాసేయొచ్చు, రాసేయండి. మనుషుల పాథాలజీకి రాసిన రాబిన్స్ పుస్తకం మొదటి అధ్యాయాలు ఇక్కడ ప్రాణం. పీహెచ్‌డీ పని కూడా నాకు సాయపడింది. నాది పందుల్లో ఊపిరితిత్తుల్నీ, ఈతనీ దెబ్బతీసే పీఆర్‌ఆర్‌ఎస్ వైరస్ మీద పని. ఆ వైరస్ ఊపిరితిత్తుల్లోని మాక్రోఫేజ్‌లలోకి (క్రిముల్ని మింగే రక్షక కణాలు) కణం పైనుండే సీడీ163 అనే రిసెప్టర్ సాయంతో దూరుతుంది. ఆ ఒక్క దారినీ అర్థం చేసుకోవడానికి చదివిన పేపర్లతో మాక్రోఫేజ్‌ల మీద ఉన్న అధ్యాయం సగం దానంతటదే వచ్చేసింది. ఒక పేపరు చదివితే అది జనరల్ పాథాలజీలో ఏ అధ్యాయానికి చెందుతుందో మార్జిన్‌లో రాసుకునేదాన్ని. మొదటి దశలో టెన్షన్ పడింది తక్కువే.

అనాటమిక్ పాథాలజీకి (అవయవాలు, కణజాలం చూసే విభాగం) రెండో దశలో మూడు భాగాలు: వెటర్నరీ పాథాలజీ, గ్రాస్ (కంటితో చూసేది), మైక్రోస్కోపిక్ (మైక్రోస్కోపులో స్లైడు చూసేది). అసలు కథ ఇక్కడే.

మన దగ్గర చదివినవాళ్లకి ఉన్న లాభం ఏమిటో మనకే తెలియదు. పీపీఆర్ (మేకలు, గొర్రెలకి వచ్చే వైరస్ జబ్బు) వచ్చిన మేక నోట్లో పుళ్లు, గొర్రెల్లో నీలి నాలుక, గేదెల్లో గొంతువాపు, ఇవన్నీ నేను ఎంవీఎస్సీలోనే చేత్తో పట్టుకుని చూశాను. నా పక్క సీటు అమెరికన్ అమ్మాయికి పీపీఆర్ అంటే ఒక ఫొటో. ఆ జబ్బులో పెద్దపేగులో చారలు చారలుగా ఉండే రక్తపు గీతల్ని పుస్తకాలు జీబ్రా చారలంటాయి. నేను వాటిని చూసినరోజు కంపు కూడా నాకింకా గుర్తుంది. విదేశీ పశువ్యాధుల టాపిక్ వస్తే మా స్టడీ గ్రూపులో పాఠం నాదే.

నష్టం కూడా అంతే పెద్దది. నాకు ఫెరెట్ తెలియదు. మన ముంగిసలా ఉండే ఆ జంతువుని ఇక్కడ ఇళ్లలో పెంచుతారు, దానికి అడ్రినల్ గ్రంథి కణితులు, పాంక్రియాస్ కణితులు మామూలు. పోనీ ముసలి గుర్రాల్లో కాడతో వేలాడే కొవ్వు గడ్డ చిన్నపేగుకి చుట్టుకుని ఉరి బిగించడం? పేరు విన్నానంతే. ల్యాబ్ ఎలుకలు, కోతులు, పాములు, చేపలు, సీల్స్, పరీక్షకి అన్నీ కావాలి. ఫొటోల కోసం డేవిస్–థాంప్సన్ ఫౌండేషన్ లెక్చర్లు, స్లైడ్ల కోసం జాయింట్ పాథాలజీ సెంటర్ వాళ్ల వెన్స్‌డే స్లైడ్ కాన్ఫరెన్స్ పట్టుకున్నాను. ఆ కాన్ఫరెన్సులో బుధవారానికి 4 కేసులు, చర్చతో సహా ఉచితంగా పెడతారు. ఇంటర్నెట్ ఉంటే చాలు, తిరుపతిలో కూర్చుని ఇవాళే మొదలుపెట్టొచ్చు. జబ్, కెనెడీ, పామర్ పేర్లతో ఉన్న మూడు వాల్యూముల పుస్తకాన్ని మాత్రం మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు చదువుతానని శపథం చేయకండి. నేను చేశాను, లివర్ దగ్గర ఆగిపోయాను. కేసు చూసి, ఆ కేసు ఉన్న పేజీలు చదవడమే మేలు.

ఇంత చేసీ మొదటిసారి మైక్రోస్కోపిక్ తప్పాను. మిగతావి పాసయ్యాను కాబట్టి ఆ ఒక్క భాగమే మళ్లీ రాయాల్సి వచ్చింది. ఏ స్లైడ్లు వచ్చాయో చెప్పను, చెప్పకూడదు. కానీ ఎందుకు తప్పానో చెప్తాను. మన యూనివర్సిటీ పరీక్షల్లో జబ్బు పేరు ప్రశ్నలోనే ఉంటుంది. "జోన్స్ వ్యాధి (పశువుల్లో పేగుల జబ్బు) గురించి వ్రాయుము" అంటే నిర్వచనం, కారణం, పాథోజెనెసిస్ (జబ్బు ముదిరే తీరు), గాయాలు, పది పేజీలు నింపేస్తాం. ఇక్కడ పేరు ఎవరూ చెప్పరు. స్లైడు ఇస్తారు, కనిపించింది రాయమంటారు. నాకేమో స్లైడు చూసిన అర నిమిషంలో పేరు తట్టేది. తట్టగానే కళ్లు చూడడం మానేసి, బుర్ర గుర్తున్న పాఠం అప్పజెప్పేది. నా జవాబు చదివినవాళ్లకి పుస్తకం కనబడుతుంది తప్ప ఆ స్లైడు కనబడదు.

మా ప్రొఫెసర్ నా ప్రాక్టీసు కాగితం ఒకటి తీసుకుని, "ఇందులో ఎంత భాగం ఈ ఆవుది, ఎంత భాగం పుస్తకానిది?" అని అడిగారు. ఆవు చిన్నపేగు స్లైడది. నేను రాసింది: జోన్స్ వ్యాధి, గ్రాన్యులోమాటస్ ఎంటెరైటిస్ (ఒక రకం పేగు వాపు), మైకోబాక్టీరియం (దాని క్రిమి). నిజమే. కానీ రాయాల్సింది ఇలా: విల్లైలు (పేగు లోపలి వేళ్లలాంటి మొనలు) పొట్టిగా, మొద్దుగా మారి ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. లామినా ప్రోప్రియా (వాటి లోపలి పొర) అంతా పెద్ద పెద్ద మాక్రోఫేజ్‌లు నిండి, క్రిప్ట్‌లని (పేగు గోడలోని గుంటలు) దూరం దూరంగా నెట్టేశాయి. అక్కడక్కడా బహుకేంద్రక కణాలు, మధ్యలో లింఫోసైట్లు. లింఫు నాళాలు ఉబ్బి ఉన్నాయి. పేరు చివర్న, అదీ ఒక్క లైను: అవయవం, ప్రక్రియ, ఎంత తీవ్రం, ఎన్నాళ్లది, ఎక్కడెక్కడ.

రెండోసారికి పద్ధతి మార్చాను. నా బీవీఎస్సీ క్లాస్‌మేట్ ఒకడు ప్రకాశం జిల్లాలో వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. నాకు రాత్రి ఎనిమిదిన్నర అయితే వాడికి పొద్దున ఏడు, డిస్పెన్సరీకి బయల్దేరే ముందు. నేను రాసిన వర్ణనని జబ్బు పేరు తీసేసి ఫోన్లో చదివేదాన్ని. వాడు స్లైడు చూడలేదు. విన్నది కాగితం మీద బొమ్మ గీసి వాట్సాప్‌లో పంపాలి. మొదటి వారం బొమ్మలు ఘోరం. "కణాలు ఉన్నాయి అన్నావు, ఎక్కడున్నాయో చెప్పవేమే? గాల్లో గీయనా?" అని తిట్టేవాడు. వాడి బొమ్మ, నా స్లైడు ఒకేలా లేకపోతే తప్పు నాదే అని లెక్క. మళ్లీ రాసేదాన్ని. గడియారం పెట్టుకుని, స్లైడుకి పావుగంట. అలా 4 నెలలు, వారానికి 5 రాత్రులు. కొత్తగా చదివింది చాలా తక్కువ.

కంబైన్డ్ ప్రోగ్రాములో చేరేవాళ్లకి ఇంకొక్కటి. రెసిడెన్సీ అయిపోగానే రెండో దశ రాసేయండి, పీహెచ్‌డీ ల్యాబ్‌లో మునిగాక వాయిదా వేయకండి. ల్యాబ్‌లో ఏడాది మీరు చూసేది ఒకటే జంతువు, ఒకటే అవయవం. నేను పందుల ఊపిరితిత్తులు తప్ప ఏమీ చూడని ఆరు నెలల తర్వాత ఒక కుక్క చర్మం స్లైడు ముందు పెడితే తెల్లమొహం వేశాను. చేరేముందే గైడుతో మాట్లాడి, పరీక్షకి ముందు ఎన్ని నెలలు చదువుకోవడానికి వదులుతారో ఈ–మెయిల్‌లో రాయించుకోండి. నోటిమాటతో సరిపెట్టుకుంటే ఆ నెలల్లోనే గ్రాంటు డెడ్‌లైను వస్తుంది. నాకు వచ్చింది.

రెండోసారి రిజల్ట్ వచ్చిన రోజు నేను పందుల షెడ్డులో ఉన్నాను. అక్కడ స్నానం చేసి లోపలికి వెళ్లాలి, స్నానం చేసే బయటికి రావాలి, ఫోను బయట లాకర్లోనే. తడి జుట్టుతో మెయిల్ తెరిచి, పాస్ అని చూసి, ముందు మా ప్రకాశం డాక్టరుకే మెసేజ్ పెట్టాను. కంగ్రాట్స్ వస్తుందనుకున్నాను. వచ్చింది ఒక ఫొటో, ఆ రోజు వాడు కోసిన మేక ఊపిరితిత్తి. కింద ఒక లైను: "వర్ణించు. పేరు మాత్రం చెప్పకు."