ముగ్గురు డాక్టర్ల ముందు నా కుడిచెయ్యి

2023 జూన్‌లో, పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో గ్రైండింగ్ పని చేస్తున్నాను. చైన్ బ్లాక్‌తో దించుతున్న ఇనుప యాంగిల్స్ కట్ట పక్కకు జారి నా కుడి జబ్బను గోడకేసి నొక్కేసింది. నొప్పి కన్నా నన్ను భయపెట్టింది మణికట్టు. ఎత్తుదామంటే లేవలేదు, వాడిన తోటకూర కాడలా వేలాడింది. జబ్బ ఎముకను చుట్టుకుని రేడియల్ నర్వ్ అనే నరం పోతుందట. ఎముక విరిగినప్పుడు అదీ నలిగింది.

ఆ రాత్రి తీసుకెళ్లిన ప్రైవేట్ ఆసుపత్రి చీటీలో ‘మెట్ల మీద జారిపడ్డాడు’ అని ఉంది. చెప్పి రాయించింది మా సూపర్‌వైజర్. మగతలో ఉన్న నాకు తెలియలేదు. పొద్దున మా బావ చదివి మండిపడ్డాడు. “ఈ ఒక్క మాటతోని నీ కేసు పోతది రా!”

నిజమే. బయట పడ్డ దెబ్బైతే ఈఎస్‌ఐ, అంటే కార్మికుల బీమా, ఇచ్చే సిక్‌నెస్ బెనిఫిట్ (జబ్బు భత్యం) జీతంలో 70 శాతం, అదీ ఏడాదికి 91 రోజులే. పనిలో తగిలిన దెబ్బైతే 90 శాతం, మళ్లీ పనికి పోగలిగేదాకా. పక్కన పనిచేసే ఇద్దరు ధైర్యంగా సాక్ష్యం రాసిచ్చారు. వాళ్ల రుణం తీర్చుకోలేను. యాజమాన్యం యాక్సిడెంట్ రిపోర్టు పంపేసరికి రెండు నెలలు పట్టింది. అన్నాళ్లూ ఇల్లు నా భార్య కుట్టుమిషన్ మీదే నడిచింది.

ఈఎస్‌ఐ ఆసుపత్రిలో విరిగిన ఎముకకు ప్లేటు వేశారు. నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరే పెరుగుతుందని, ఓపిక పట్టమని డాక్టరు చెప్పారు. మణికట్టు వేలాడకుండా కింద స్ప్లింట్ అనే ఆధారపు పట్టీ కట్టుకుని, ఎడమచేత్తో చెంచాతో తిన్నాను. నాలుగో నెలలో ఒకరోజు స్ప్లింట్ తీసి పప్పన్నం కలపబోతే మణికట్టు కొంచెం పైకి లేచింది. కంచం ముందే ఏడ్చేశాను. వేళ్లు ఆ తర్వాత కదిలాయి, అన్నిటికన్నా చివర బొటనవేలు.

2024 ఆగస్టులో, దెబ్బ వల్ల సంపాదన శక్తి ఎంత పోయిందో తేల్చే ఈఎస్‌ఐ మెడికల్ బోర్డు. దానికి ముందు చూసిన డాక్టరు “ఎలా ఉంది?” అంటే అలవాటుగా “పర్వాలేదు సార్” అన్నాను. అదే ఫైల్లోకెక్కింది. “బాగున్నా అననీకి అది చుట్టాలిల్లా?” అన్నాడు బావ.

బోర్డులో ముగ్గురు డాక్టర్లు. రెండు చేతులూ పక్కపక్కన పెట్టించి, కోణమానినితో మోచెయ్యి ఎంత వంగుతోందో, మణికట్టు ఎంత లేస్తోందో కొలిచారు. జబ్బ చుట్టూ టేపు పెట్టారు. కుడిది రెండు సెంటీమీటర్లు సన్నబడింది. పిడికిలి బలం చూశారు. బొటనవేలు పోతే 30 శాతం, చెయ్యి పోతే 60 అని అప్పటి ఈఎస్‌ఐ చట్టం పట్టికలో ఉంది. నాలాంటి నరం దెబ్బకు అలాంటి అంకె లేదు, బోర్డే తేల్చాలి. అందుకే వాళ్లలో పెద్దాయన “నువ్వు చేసే పనేంటి?” అని అడిగారు. ఈసారి పర్వాలేదు అనలేదు. గ్రైండర్ బరువు, అది కొట్టే వణుకు, పట్టు ఎప్పుడు జారుతుందో అంతా చెప్పాను. సంపాదన శక్తిలో 15 శాతం నష్టమని, ఏడాదికి తాత్కాలికంగా రాశారు.

వచ్చే నెల మళ్లీ బోర్డు. చిన్న నోట్‌బుక్‌లో రోజూ రాసుకుంటున్నాను. నిన్నటిది: గ్రైండర్ పదిహేను నిమిషాలు, తర్వాత బొటనవేలు వదిలేసింది. నీళ్ల బిందె ఎడమచేత్తోనే.