మెట్ల పైన స్విచ్ బాక్సు: ఎర్త్ ఎక్కడ తెగిందో తెలిసింది, వైరు మాత్రం కదలడం లేదు

లైటు స్విచ్‌లన్నిటికీ ఎర్త్ ఉందో లేదో చూసే పని దాదాపు పూర్తయింది. గదులు, వంటిల్లు, వరండా అన్నిచోట్లా ఎర్త్ వైరు రెసిస్టెన్స్ 0.1 నుంచి 0.3 ఓమ్స్ లోపే వచ్చింది. వాటికి ఇక ఢోకా లేదు. మెట్ల టూ-వే స్విచ్‌లలో (ఒకే దీపాన్ని పైనుంచీ కిందనుంచీ వేసే జంట) పైది మాత్రం ఇంకా లొంగలేదు. ఈసారి రాసేదంతా దాని గురించే.

రెండు చోట్లా ఇనప బాక్సు, దాని మీద స్టీలు ప్లేటు. నా పట్టుదల అందుకే. ఫేజ్ వైరు ఊడి బాక్సుకు తగిలినప్పుడు ఎర్త్ సరిగ్గా ఉంటే వెంటనే సప్లై కట్ అవుతుంది. లేకపోతే ప్లేటు మొత్తం 230 వోల్టుల మీద ఉండిపోతుంది, ఎవరో ఒకరు ముట్టుకున్నాకే ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి లీకైతే సప్లై ఆపే స్విచ్) పడుతుంది. ఆర్‌సీసీబీ ఉందిగా, ఇంకా ఎర్త్ ఎందుకు అనేవాళ్ల మాట నేను ఒప్పుకోను.

మొదట సప్లై ఉండగా కొలిచాను. మామూలు మల్టీమీటర్‌తో ఫేజ్‌కూ బాక్సుకూ మధ్య 230 వోల్టులు. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య 231. ఈ రెండు అంకెలు చూసి ఎర్త్ బ్రహ్మాండంగా ఉందని ప్లేటు బిగించేసేవాళ్లు చాలామంది ఉంటారు. అదే బాక్సులో ఉన్న పచ్చ వైరును స్క్రూ నుంచి విప్పి, ఫేజ్‌కూ ఆ వైరుకూ మధ్య కొలిస్తే 94 వోల్టులు. పక్క వైర్ల నుంచి గాల్లో తేలే ఉత్తుత్తి వోల్టేజి అది. పచ్చ వైరు ఎక్కడో తెగిందని అప్పుడే తెలిసిపోయింది. మరి వైరు విప్పేసిన బాక్సుకు 230 ఎక్కడిది?

ఇలాంటి చోట ఫ్లూక్ 117 మల్టీమీటర్‌లో ఉన్న లో-జెడ్ మోడ్‌కు సాటి లేదు. మామూలు మోడ్‌లో మీటరు ఇంపీడెన్స్ (కరెంటుకు అది ఇచ్చే అడ్డు) మెగా ఓమ్స్‌లో ఉంటుంది, లో-జెడ్‌లో దాదాపు 3 కిలో ఓమ్స్. లో-జెడ్ పెట్టగానే పచ్చ వైరు మీది 94 కాస్తా సున్నాకు దిగింది. బాక్సు మీది 230 పడిపోయి 14 అయింది. ఇంకో ఆనవాలు కూడా ఉంది. మిగతా బాక్సులన్నిటి దగ్గరా ఫేజ్-ఎర్త్ మధ్య లో-జెడ్ పెడితే 30 మిల్లీ ఆంప్స్ లీకుకే పడే ఆర్‌సీసీబీ టప్పున పడింది. 231 వోల్టులకు 3 కిలో ఓమ్స్ అంటే దాదాపు 77 మిల్లీ ఆంప్స్, పడాల్సిందే. పై బాక్సు దగ్గర మాత్రం పడలేదు.

తర్వాత మెయిన్ ఆపి, బోర్డులో ఎర్త్ వైర్లన్నీ కలిసే ఎర్త్ బార్ నుంచి పొడవాటి వైరు తెచ్చి, దాని రెసిస్టెన్స్ తీసేసి కొలిచాను. కింది బాక్సు 0.14 ఓమ్స్. బోర్డు నుంచి అక్కడికి పది మీటర్లుంటుంది. 1.5 స్క్వేర్ ఎంఎం రాగి మీటరుకు 12.1 మిల్లీ ఓమ్స్ కాబట్టి 0.12 రావాలి, జాయింట్లతో కలిపి 0.14 సరిపోయింది. పై బాక్సు మాత్రం 41 కిలో ఓమ్స్! ప్రోబ్‌లు అటూ ఇటూ మారిస్తే 29. రాగి దారి అయితే ప్రోబ్‌లు మార్చినా అంకె మారదు. డీసీ వోల్టులలో పెట్టి చూస్తే బాక్సుకూ అసలు ఎర్త్‌కూ మధ్య 0.18 వోల్టులు. తడి గోడ, ఇనుము, రాగి కలిసి చిన్న బ్యాటరీలా పనిచేస్తున్నాయన్నమాట. వాన పడిన మర్నాడు అదే రీడింగ్ 12 కిలో ఓమ్స్‌కు దిగడంతో ఇక అనుమానం లేదు. బాక్సుకు ఎర్త్ ఇస్తున్నది గోడ చెమ్మ. 41 కిలో ఓమ్స్‌కు మీటరులోని 3 కలిపి లెక్కేస్తే లో-జెడ్‌లో 16 వోల్టులు రావాలి, వచ్చింది 14. ఆ దారిలో పోయే కరెంటు 5 మిల్లీ ఆంప్స్ మాత్రమే. దానికి ఆర్‌సీసీబీ పడదు, కరెంటు మరీ ఎక్కువైతేనే పడే ఎంసీబీ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇక తెగింది ఎక్కడ? ఇక్కడి నుంచి పని భలే నచ్చింది నాకు. రెండు స్విచ్ బాక్సుల మధ్య పైపులో మూడు వైర్లున్నాయి: రెండు ట్రావెలర్లు (రెండు స్విచ్‌లనూ కలిపే వైర్లు), ఒక ఎర్త్. పైన ట్రావెలర్లు రెండూ కలిపి కింద కొలిస్తే 0.27 ఓమ్స్, అంటే రానూపోనూ 22 మీటర్లు, పైపు పొడవు 11. పక్కపక్కన ఉన్న వైర్ల మధ్య కెపాసిటెన్స్ (చార్జి పట్టే సామర్థ్యం) వాటి పొడవును బట్టి పెరుగుతుంది కాబట్టి, మూడు వైర్లనూ రెండు చివర్లా విప్పి అది కొలిచాను. ట్రావెలర్ల మధ్య 0.85 నానోఫారడ్, మీటరుకు దాదాపు 77 పికోఫారడ్. కింద నుంచి ఎర్త్‌కూ ట్రావెలర్‌కూ మధ్య 0.62, పై నుంచి 0.21. రెండూ కలిపితే 0.83, ఇంచుమించు మొత్తం వచ్చేసింది. కాబట్టి తెగింది ఒకే చోట. కింద నుంచి 8 మీటర్లు, పై నుంచి 2.7 మీటర్లు. పైపులో వైర్లు ఒకచోట దగ్గరగా, ఒకచోట ఎడంగా ఉంటాయి కాబట్టి అర మీటరు అటూ ఇటూ ఉండొచ్చు. ప్రోబ్‌ల కెపాసిటెన్స్ ముందే తీసేయాలి, ఇంత చిన్న అంకెల్లో అదే లెక్క తప్పిస్తుంది.

పై నుంచి పైపులోకి వైరు లాగే స్ప్రింగ్ పంపితే 2.6 మీటర్ల దగ్గర ఆగిపోయింది! లెక్క కుదిరిందని సంతోషం, దారి మూసుకుపోయిందని చిరాకు. ట్రావెలర్‌ను కింద నుంచి లాగితే రెండు మూడు సెంటీమీటర్లు సాగి వెనక్కి పోతుంది. పై నుంచి లాగితే అసలు కదలదు. మెట్ల మలుపులో బెండ్ దగ్గర పైపు నలిగి ఉండాలి, లేదా సిమెంటు పాలు లోపలికి దిగి గట్టిపడి ఉండాలి. మేకు దిగిందేమోనని 500 వోల్టులతో మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టాను, వైర్ల మధ్య 200 మెగా ఓమ్స్ పైనే ఉంది. మేకు అయితే ట్రావెలర్లకూ దెబ్బ తగిలేదని నా ఊహ. వైర్లు లాగేటప్పుడే బెండ్‌లో ఎర్త్ తెగి ఉంటుంది. ట్రావెలర్లు రెండూ పనిచేస్తున్నాయి కాబట్టి లైటు వెలిగింది, ఎవరూ పట్టించుకోలేదు.

న్యూట్రల్‌ను బాక్సుకు కలిపేస్తే సరిపోతుందనే సలహా చాలాచోట్ల వినిపిస్తుంది. దయచేసి ఆ పని చేయొద్దు. న్యూట్రల్ ఎక్కడైనా ఊడిన రోజు, వేసి ఉన్న లైటు గుండా బాక్సుకు పూర్తి వోల్టేజి వస్తుంది. నీళ్ల పైపుకు కట్టడమూ అంతే, మధ్యలో ప్లాస్టిక్ పైపు ముక్క ఒక్కటి వేస్తే చాలు, ఎర్త్ పోయినట్టే.

ప్రస్తుతానికి ఆ లైటు సర్క్యూట్ ఎంసీబీ దించే ఉంచాను. గోడ పగలగొట్టే ఆలోచన లేదు. పై స్విచ్ నుంచి దీపం పాయింటుకు వెళ్లే పైపు నాలుగు మీటర్లే, అందులో ఒక్క వైరే ఉంది, స్ప్రింగ్ హాయిగా దూరింది. దీపం దగ్గర అదే సర్క్యూట్ ఎర్త్ 0.22 ఓమ్స్ వస్తోంది. అక్కడి నుంచి 1.5 స్క్వేర్ ఎంఎం పచ్చ వైరు లాగి, దీపం బాక్సులో వాగో 221 లీవర్ కనెక్టర్‌తో కలుపుతాను. మెలితిప్పి టేపు చుట్టిన జాయింట్లను ఎర్త్ విషయంలో నేను నమ్మను. పై బాక్సు దగ్గర 0.27 ఓమ్స్ రావాలి. 0.35 దాటితే దీపం బాక్సులో జాయింట్లన్నీ విప్పి మళ్లీ చూస్తాను. బాక్సు స్క్రూ కింద పెయింటు గీకి, ప్లేటుకు కూడా విడిగా ఒక ముక్క వైరు వేయాలి, ప్లేటు స్క్రూల మీద ఆధారపడటం నాకు ఇష్టం లేదు. పాత ఎర్త్ ముక్కను రెండు చివర్లా విడిగా ఇన్సులేట్ చేసి, తెగిందని చీటీ కడతాను. అది అయ్యాక గేటు దీపం పని. బయట ఇనప స్తంభం, భూమిలో నుంచి వెళ్లే కేబుల్. అక్కడ కూడా ముందు కెపాసిటెన్స్ కొలిచి రాసిపెట్టుకోవాలనుకుంటున్నాను, రేపు ఏదైనా తెగితే పోల్చి చూసుకోవడానికి ఉంటుంది.