ప్లస్సా మైనస్సా అని అడగడం మానేసింది మా పాప

మా పాప మూడో తరగతి. కూడికలు, తీసివేతలు నిలువుగా వేసి ఇస్తే గబగబా చేసేస్తుంది. అవే అంకెల్ని నాలుగు వాక్యాల్లో పెట్టి అడిగితే మాత్రం పెన్సిల్ ఆగిపోయేది. లెక్క చివరిదాకా చదవకుండానే "అమ్మా, ఇది ప్లస్సా మైనస్సా?" అనేది. ఏదో ఒకటి చెబితే చేసేసి పేజీ తిప్పేది. మార్కుల సంగతి తర్వాత. ఆ కథలో ఏం జరుగుతోందో తెలుసుకోవడం తన పని కాదని, ఏ గుర్తు వేయాలో పెద్దవాళ్ళెవరో చెప్పాలని అది అనుకోవడం నాకు చాలా బాధగా ఉండేది.

మాది హిందూపురం. బెంగళూరులో కె.ఆర్.పుర దగ్గర ఉంటున్నాం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, బడిలో ఇంగ్లీషు. భాష దగ్గరే ఇబ్బందేమోనని పుస్తకంలోని లెక్కల్నే తెలుగులో చెప్పి చూశాను. కొన్నింటికి ఠక్కున జవాబు వచ్చింది. మరికొన్నింటికి తెలుగులో అడిగినా అదే ప్రశ్న, ప్లస్సా మైనస్సా అని. అంటే ఇంగ్లీషు ఒక్కటే కారణం కాదు.

అప్పుడు ఒక పాత ప్రశ్న గుర్తొచ్చింది. 1980 ప్రాంతంలో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో గణిత బోధన మీద పనిచేసేవాళ్ళు చిన్న తరగతుల పిల్లల్ని ఇలా అడిగారు: "ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. కెప్టెన్ వయసెంత?" 97 మంది పిల్లల్లో 76 మంది ఆ అంకెలతోనే ఏదో ఒక వయసు లెక్కకట్టి చెప్పారు. మా పాపను అడిగితే క్షణం ఆలోచించకుండా 36 అంది. ఇలా చెప్పే పిల్లలు తెలివితక్కువవాళ్ళేం కాదు. లెక్క ఇచ్చారంటే జవాబు ఉండి తీరాలని, ఇచ్చిన అంకెలన్నీ వాడి తీరాలని మనం నేర్పకుండానే నేర్చుకుంటారు. నేను మార్చాల్సింది ఆ అలవాటునే అని నాకు అక్కడ అర్థమైంది.

తను వెళ్ళే ట్యూషన్‌లో గోడకు ఒక చార్ట్ ఉండేది. "మొత్తం" అని వస్తే కూడాలి, "మిగిలినవి" అని వస్తే తీసేయాలి, "ఎక్కువ" అని వస్తే కూడాలి. ఒకటో తరగతిలో ఇది బాగానే నడుస్తుంది. కానీ ఈ లెక్క చూడండి: రవి దగ్గర 12 గోళీలు ఉన్నాయి. అవి లత దగ్గర ఉన్నవాటి కంటే 5 ఎక్కువ. లత దగ్గర ఎన్ని? చార్ట్ నమ్మిన పిల్ల 17 అంటుంది. జవాబు 7. మాటను పట్టుకుని గుర్తు వేయడం నేర్పితే కథ చదవాల్సిన అవసరమే పోతుంది. ఆ చార్ట్ పద్ధతి వద్దని, ఇంట్లో కొన్నాళ్ళు నా దారిన చెప్పుకుంటానని ఆ టీచర్‌తో మర్యాదగానే చెప్పాను. ఆమె కాదనలేదు.

మొదట చేసిన పని అంకెల్ని దాచేయడం. లెక్కలో అంకెలున్న చోటల్లా చిన్న కాగితం ముక్కలు అంటించేదాన్ని. "ఒక అంగడిలో కొన్ని మామిడిపండ్లు ఉన్నాయి. పొద్దున కొన్ని అమ్మారు. సాయంత్రానికి ఎన్ని మిగిలాయి?" కూడడానికి, తీసేయడానికి చేతిలో ఏమీ లేవు. చదివి, కళ్ళు మూసుకుని, ఏం జరిగిందో తెలుగులో నాకు చెప్పాలి. అంతే. "అంగడాయన పండ్లు అమ్మినాడు, తగ్గిపోయినాయి, ఎన్నున్నాయో అడుగుతున్నారు." ఇంత చెప్పగలిగితే పని ముక్కాలు అయిపోయినట్టే. తర్వాత కాగితం ముక్కలు తీసేస్తే, ఏ గుర్తు వేయాలన్న ప్రశ్న దాదాపు రాలేదు. ఇంగ్లీషులో చదవడం, తెలుగులో కథ చెప్పడం, మళ్ళీ ఇంగ్లీషులో జవాబు వాక్యం రాయడం, ఇదీ మా వరస. బడి భాషకు ఇది అడ్డు వస్తుందని కొందరు భయపెట్టారు కానీ నాకు అలా కనిపించలేదు. అర్థమైన కథను ఇంగ్లీషులో రాయడం తనకు తేలికైంది.

ఇక్కడ పెద్దవాళ్ళకు ఒక సంగతి తెలిసి ఉంటే చాలా మేలు. కూడిక, తీసివేత లెక్కలన్నీ ఒకే కష్టం కావు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో థామస్ కార్పెంటర్, ఎలిజబెత్ ఫెన్నెమా, వాళ్ళతో పనిచేసినవాళ్ళు 1980లలో పిల్లలు ఈ లెక్కలు ఎలా చేస్తారో దగ్గరగా చూసి వాటిని రకాలుగా విడదీశారు. వచ్చి కలిసేవి, విడిపోయేవి, మొత్తంలో భాగాలు, రెండింటిని పోల్చేవి. మళ్ళీ ప్రతిదాంట్లో ఏది తెలియదన్నదాన్ని బట్టి కష్టం మారుతుంది. చివరికి ఎన్ని అని అడిగితే సులువు. మొదట ఎన్ని ఉన్నాయని అడిగితే కష్టం. ఇది తెలిశాక మా పాప ఎక్కడ ఆగిపోతోందో స్పష్టంగా కనిపించింది: మొదలు తెలియని లెక్కలు, పోల్చే లెక్కలు. మిగతావన్నీ తనకు వచ్చు. "దీనికి వర్డ్ ప్రాబ్లమ్స్ రావు" అనుకోవడానికీ, ఈ రెండు రకాలే ఇంకా రాలేదు అనుకోవడానికీ ఎంత తేడా ఉందో! ఆ మాట దానికి కూడా చెప్పాను. "నీకు చాలా రకాలు వచ్చు తల్లీ, ఈ రెండూ నేర్చుకుందాం" అంటే ముఖం వెలిగింది.

మొదలు తెలియని లెక్కకు బస్సు పనికొచ్చింది. "బస్సులో కొంతమంది ఉన్నారు. టిన్ ఫ్యాక్టరీ స్టాప్‌లో 8 మంది ఎక్కారు. ఇప్పుడు 23 మంది. మొదట ఎంతమంది?" ఎక్కారు అంటే కూడాలని తొందరపడేది. అందుకని చింతగింజల్ని జనం చేశాం, చాప మీద సుద్దతో బస్సు గీశాం. ఇప్పుడున్న 23 గింజలు పెట్టమన్నాను. "ఇప్పుడు కాలం వెనక్కి తిప్పు. టిన్ ఫ్యాక్టరీ ఇంకా రాలేదు" అన్నాను. ఎనిమిది గింజల్ని తనే దించేసి 15 అంది. ఊరుకోకుండా వాటిని మళ్ళీ ఎక్కించి, 23 వచ్చాయని చూసుకుంది. ఆ చివరి పని నేను చెప్పలేదు. జవాబు సరో కాదో నా ముఖం చూసి కాకుండా తనంతట తాను తేల్చుకోవడం అదే మొదలు.

పోల్చే లెక్కలకు గింజలు అంత సాయపడలేదు, బొమ్మ సాయపడింది. 1980లలో సింగపూర్ బడుల్లో తెచ్చిన పట్టీల పద్ధతి ఇది. గళ్ళ నోట్‌బుక్‌లో ఆ గోళీల లెక్కలోని రవికి ఒక పొడుగు పట్టీ, దాని కిందే ఎడమ అంచు కలిసేలా లతకు ఇంకో పట్టీ. ముందు అడగాల్సింది ఒక్కటే: ఎవరి పట్టీ పొడుగు? రవిదే. అయితే 12 ఎవరి పట్టీ మీద రాయాలి, 5 ఎక్కడ రాయాలి? 5 అనేది రెండు పట్టీల మధ్య తేడా అని కంటికి కనిపించాక 7 దానంతటదే వస్తుంది. దీనికి ఓపిక కావాలి. పట్టీలు అందంగా రావాలని రంగులు వేస్తూ కూర్చునేది. వేయనిచ్చాను.

మా ఇంటి పక్క మెట్రో ఇంకో మంచి లెక్క ఇచ్చింది. పర్పుల్ లైన్‌లో మొత్తం 37 స్టేషన్లు. వైట్‌ఫీల్డ్ నుంచి లెక్కపెడితే మా కె.ఆర్.పుర 12వది. మా తర్వాత ఇంకెన్ని? 25. ఇది ఇట్టే చెప్పింది. వైట్‌ఫీల్డ్‌కీ మనకీ మధ్యలో ఎన్ని స్టేషన్లు? ముందు 12 అంది, తర్వాత 11 అంది. ఇద్దరం పేర్లు చదువుకుంటూ మ్యాప్ మీద వేలు పెట్టి లెక్కపెట్టాం, హోప్‌ఫామ్ చన్నసంద్ర నుంచి సింగయ్యనపాళ్య దాకా. పది. రెండు చివర్లూ మధ్యలోకి రావని తనకు తానే చెప్పుకుంది. నన్ను అడిగితే 11 కూడా మంచి జవాబే, వేరే ప్రశ్నకి: వైట్‌ఫీల్డ్‌లో ఎక్కితే ఎన్నో స్టాప్‌లో దిగాలి? ఆ మాట చెప్పగానే ఎగిరి గంతేసింది. తప్పనుకున్న జవాబుకి సరిపోయే ప్రశ్న వెతకడం అప్పట్నుంచి దానికి భలే ఇష్టం.

ధైర్యం గురించి చెప్పాలి. మొదట్లో "ఎలా చేశావు?" అని అడిగితే చాలు, రబ్బరు అందుకుని చెరిపేసేది. పెద్దవాళ్ళు అలా అడిగేది తప్పు చేసినప్పుడే కదా. అందుకే జవాబు సరైనప్పుడు కూడా, ఇంకా చెప్పాలంటే అప్పుడే ఎక్కువగా, ఎలా చేశావని అడిగాను. మా ఆయన్నీ అలాగే అడగమన్నాను. ఆయనకు లెక్కలు బాగా వచ్చు, పాప సగం చదివేలోపే జవాబు నోటిదాకా వచ్చేస్తుంది. ఆగడం ఆయనకు కష్టమే, అయినా ఆగారు. రానురాను రబ్బరు డబ్బాలోనే ఉండిపోసాగింది. ఒక లెక్క ఎంతకీ తెగకపోతే మూసేసి మర్నాడు చూసేవాళ్ళం. ఏడుస్తూ చేసిన లెక్క వల్ల ఏ ప్రయోజనమూ లేదని నా గట్టి నమ్మకం.

జవాబును కథలోకి మళ్ళీ తీసుకెళ్ళి చూడాలన్నది కూడా నేర్పాల్సిన విషయమే. "పెళ్ళికి హిందూపురం వెళ్ళాలి. మనం 14 మందిమి. కారుకు నలుగురు. ఎన్ని కార్లు?" 14ను 4తో భాగిస్తే 3, శేషం 2 అని రాసింది. "ఆ ఇద్దరినీ ఇక్కడే వదిలేసి పోదామా?" అని అడిగాను. "అయ్యో, అవ్వా తాతా అయితే?" అని 4 కార్లు అంది.

అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది లెక్కలు తనే కట్టడం. 15 - 7 అని రాసిచ్చి, దీనికి మూడు వేర్వేరు కథలు చెప్పమనేదాన్ని. తినేసిన జిలేబీలు ఒక కథ, ఇద్దరి వయసుల తేడా ఇంకొకటి. మూడోది దొరకడానికి టైం పట్టేది. మా అత్త దీంట్లోకి తనంతట తానే దిగింది. "గంపలో శెనక్కాయలుండాయి, కోతి వచ్చె, గుప్పెడు ఎత్తకపాయె" అని మొదలుపెడితే పాప కదిలేది కాదు. లెక్కను కథగా చెప్పడం మనకు కొత్తేం కాదు. 9వ శతాబ్దంలో కన్నడ నేలనేలిన రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితాన్ని, ఆ తర్వాత పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అవ్వ పక్కన కూర్చుని కోతి లెక్కలు చెప్పించుకునే పాపను చూస్తే నాకు ఆయన గుర్తొస్తాడు.

ఇప్పుడు రెండు మెట్ల లెక్కల్లో ఉన్నాం. బసవనగుడిలో జరిగే శెనక్కాయల జాతర, కడలెకాయి పరిషెకు వెళ్ళొచ్చాక దానికి ఒకటి ఇచ్చాను: సేరు 60 రూపాయలు అనుకో, రెండు సేర్లు కొని 200 నోటు ఇచ్చాం, ఎంత వెనక్కి వస్తుంది? ఒకేసారి 200లోంచి 60 తీసేసి 140 అంది. ఎలా చేశావని అడిగాను. చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆగి, "ఉండమ్మా, రెండు సేర్లకు ఎంతయిందో ముందు తెలియాలి" అని పట్టీ గీసుకుంది. 80 అని రాసింది. ఇలాంటివి ఇంకా తడబడుతుంది. ఒకరి దగ్గర ఉన్నవి ఇంకొకరి దగ్గర ఉన్నవాటికి మూడు రెట్లు అనే లెక్కలు వచ్చే టర్మ్‌లో ఉన్నాయట. వాటికీ పట్టీలే వేయించాలని అనుకుంటున్నాను, గళ్ళ నోట్‌బుక్ ఇంకొకటి కొన్నాను.