ఎవరూ పట్టించుకోని సినిమాలు చూపించడం: నా అనుభవం

"గొప్ప సినిమా, తప్పకుండా చూడు" అంటే ఎవరూ చూడరు. సరేనని తల ఊపుతారు, పేరు రాసుకుంటారు, అంతే. నలుపు తెలుపు సినిమా, పైగా తెలిసిన హీరో లేడంటే ఇక చెప్పక్కర్లేదు. కానీ మరుగున పడ్డ మంచి సినిమా గురించి ఊరుకోవడం నా వల్ల కాదు. అందుకే వీలైనప్పుడల్లా స్నేహితుల్నీ చుట్టాల్నీ కూర్చోబెట్టి నేనే చూపిస్తుంటాను.

ఎక్కువసార్లు చూపించింది 1937లో హాలీవుడ్ దర్శకుడు లియో మెక్‌కారీ తీసిన 'మేక్ వే ఫర్ టుమారో'. ఇల్లు బ్యాంకు పాలైన ముసలి దంపతులు, ఐదుగురు పిల్లలు. ఇద్దర్నీ కలిపి ఉంచుకోవడం ఎవరికీ కుదరదు. తల్లి కొడుకింటికి, తండ్రి కూతురింటికి. కథ ఇలా చెబితే "ఏడుపు సినిమానా?" అని లేచిపోతారు. అందుకే కథ చెప్పను, ఒక్క సీను చెబుతాను.

కోడలు ఇంట్లో కొందరికి బ్రిడ్జ్ అనే పేకాట నేర్పుతుంటుంది. అత్తగారు అక్కడే ఉండటం అందరికీ ఇబ్బంది. ఇంతలో ఆవిడకి భర్త ఫోన్ చేస్తాడు. గదంతా వినిపించేలా గట్టిగా మాట్లాడుతుంది. మొదట విసుక్కున్నవాళ్లు మెల్లగా ఆట ఆపేస్తారు. వినకూడని మాటలు వింటున్నామని వాళ్లకే సిగ్గేస్తుంది. "తర్వాతేమైంది?" అని ఎవరైనా అడిగారంటే నా పని సగం అయిపోయినట్టే.

మిగతా సగం ఏర్పాట్లు. మంచి ప్రింట్ దొరకాలి. సబ్‌టైటిల్స్ మాటలతో కలుస్తున్నాయో లేదో ముందే చూసుకుంటాను, అవి కాస్త వెనకబడ్డా సినిమా పోయినట్టే. భోజనాలయ్యాక పెట్టను, నిద్రపోతారు. పెద్దమ్మకి సబ్‌టైటిల్స్ అందవు కాబట్టి పక్కన కూర్చుని తెలుగులో చెబుతూ పోయాను. సగంలో నన్ను ఆపి, "కోడలు చెడ్డది కాదురా, ఎవరి బాధ వాళ్లది" అంది. ఆ సినిమాలో విలన్ లేడన్న సంగతి ఇంత సూటిగా చెప్పిన రివ్యూ నేనెక్కడా చదవలేదు.

అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: "అంత గొప్పదైతే అప్పుడే ఎందుకు ఆడలేదు?" మంచి ప్రశ్నే. స్టూడియో వాళ్లు ముగింపు మార్చమన్నా మెక్‌కారీ ఒప్పుకోలేదు, జనం రాలేదు. అదే ఏడాది తీసిన 'ది ఆఫుల్ ట్రూత్' అనే కామెడీకి ఆయనకు ఆస్కార్ వచ్చింది. అలాగే 1955లో నటుడు చార్లెస్ లాటన్ 'ది నైట్ ఆఫ్ ది హంటర్' తీస్తే ఆడలేదు, ఆయన మళ్లీ సినిమా దర్శకత్వం జోలికే వెళ్లలేదు. అదే సినిమాని 1992లో అమెరికా తన జాతీయ సినిమా రిజిస్ట్రీలో, అంటే భద్రపరచాల్సిన సినిమాల జాబితాలో, చేర్చింది. 1977లో విలియం ఫ్రీడ్‌కిన్ 'సోర్సరర్' వచ్చేటప్పటికి 'స్టార్ వార్స్' విడుదలై నెలే అయింది, థియేటర్లన్నీ దాని హోరులోనే ఉన్నాయి. సినిమా ఆడకపోవడానికి బాగాలేకపోవడం ఒక్కటే కారణం కాదు. ఈ మాట మీద ఎంతసేపైనా వాదిస్తాను.

అందరికీ నచ్చాలని పట్టు పట్టను. ఒక స్నేహితుడికి 'మేక్ వే ఫర్ టుమారో' మరీ నెమ్మదిగా అనిపించింది. వాడికి 'సోర్సరర్' పెట్టాను. కుండపోత వానలో ఊగిపోతున్న తాళ్ల వంతెన మీద, పేలుడు పదార్థాలు మోసుకుంటూ లారీ అంగుళం అంగుళం జరుగుతుంటే వాడు కుర్చీ అంచుకొచ్చేశాడు. ఇప్పుడు ఆఫీసులో అందరికీ ఆ వంతెన సీనే చెబుతున్నాడట. సబ్‌టైటిల్ ఫైల్ పంపమని నిన్న ఫోన్ చేశాడు, పంపాను.